జవాను చదువు లెక్కలోకి రాదా?

త్రివిధ దళాల నుంచి ఏటా సుమారు 60 వేల మంది పదవీ విరమణ చేస్తున్నారు. వారిలో అత్యధికులు జవాన్లు, హవల్దార్లు. సేన ఎప్పుడూ యవ్వనంగా ఉండాలంటే వారిని తొందరగా ఇంటికి పంపక తప్పదు. అందుకే చాలామంది 35 నుంచి 45 ఏళ్ల మధ్యే యూనిఫాం విప్పేస్తారు. ఇతర కొలువుల్లో ఉన్నవారు ఆ వయసులో రెండో ప్రమోషన్ కోసం ఎదురుచూస్తుంటారు. మన జవాను మాత్రం పింఛను కాగితం చేతపట్టుకుని, మిగిలిన పాతికేళ్ల పని జీవితాన్ని ఎక్కడి నుంచి మొదలుపెట్టాలా అని ఆలోచిస్తుంటాడు.

ఊరికి వచ్చినవాణ్ని అందరూ అడిగేది ఒక్కటే: 'ఇప్పుడేం ఉద్యోగం చూసుకుంటావు?' 'ఏం చదువుకుంటావు?' అని అడిగేవారు అరుదు. ఆ ప్రశ్న అడగాల్సిన సమయం వచ్చేసింది. 2022 జూన్‌లో ప్రకటించిన అగ్నిపథ్ పథకం కింద మొదటి ఏడాదికి 46 వేల నియామకాలు చేపడతామని కేంద్రం చెప్పింది. ఆ తొలి అగ్నివీరుల నాలుగేళ్ల గడువు 2026 చివర, 2027 ఆరంభంలో ముగుస్తుంది. వారిలో గరిష్ఠంగా 25 శాతం మందినే దళాలు ఉంచుకుంటాయి. మిగిలిన ముగ్గురిలో ముగ్గురూ పాతికేళ్ల చుట్టూ ఉన్న కుర్రాళ్లే. మన దగ్గర ఆ వయసులో ఇంకా పీజీ చేస్తున్నవారు, పోటీ పరీక్షలకు కోచింగ్ తీసుకుంటున్నవారు ఎంతమంది లేరు? మరి వీరికి కళాశాల తలుపు తెరిచి ఉందా?

అధికారికో లెక్క, జవానుకో లెక్క

ఈ విషయంలో సైన్యం లోపలే ఒక తేడా ఉంది. దాని గురించి బయట పెద్దగా చర్చ జరగదు. ఖడక్‌వాస్లాలోని నేషనల్ డిఫెన్స్ అకాడమీలో మూడేళ్లు గడిపిన ప్రతి కేడెట్‌కూ జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం డిగ్రీ వస్తుంది. నాకూ అలాగే వచ్చింది. పొద్దున డ్రిల్లు, మధ్యాహ్నం తరగతులు, సాయంత్రం ఆటలు. వీటి మధ్యనే ఆ డిగ్రీ పూర్తయింది. దానికోసం విడిగా ఏ కళాశాల గడపా తొక్కాల్సిన అవసరం రాలేదు.

ఆ తర్వాత కూడా అధికారి వెంట విశ్వవిద్యాలయం నడుస్తూనే ఉంటుంది. వెల్లింగ్టన్‌లోని డిఫెన్స్ సర్వీసెస్ స్టాఫ్ కాలేజీ కోర్సుకు మద్రాసు విశ్వవిద్యాలయం ఎమ్మెస్సీ ఇస్తుంది. సికింద్రాబాద్‌లోని కాలేజ్ ఆఫ్ డిఫెన్స్ మేనేజ్‌మెంట్‌లో ఉన్నత కోర్సు చేసినవారికి ఉస్మానియా విశ్వవిద్యాలయం మాస్టర్స్ డిగ్రీ ప్రదానం చేస్తుంది. అదే నగరంలోని మిలిటరీ కాలేజ్ ఆఫ్ ఈఎంఈలో యువ అధికారులు చదివే ఇంజినీరింగ్‌కు జేఎన్‌యూ బీటెక్ దక్కుతుంది. అంటే అధికారి నేర్చుకున్న ప్రతి ముఖ్యమైన పాఠానికీ బయటి లోకంలో చెల్లే ఒక పట్టా జతపడి ఉంది. పదవీ విరమణ తర్వాత అతను ఏ విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పెట్టినా గుమస్తా ఇంకో ప్రశ్న వేయడు.

జవాను సంగతి చూద్దాం. గోల్కొండలోని ఆర్టిలరీ సెంటర్‌లోనో, సికింద్రాబాద్‌లోని 1 ఈఎంఈ సెంటర్‌లోనో అతను శిక్షణ మొదలుపెడతాడు. తర్వాత సర్వీసు పొడవునా కోర్సులే కోర్సులు. రేడియో ఆపరేటర్ గ్రేడ్లు, డ్రైవింగ్, వాహనాల మరమ్మతు, మ్యాప్ రీడింగ్, ప్రథమ చికిత్స, ఆయుధ శిక్షకుల కోర్సులు, నాయక్‌గా, హవల్దార్‌గా పదోన్నతికి కాడర్లు. వీటన్నింటిలో రాత పరీక్షలుంటాయి, ప్రాక్టికల్స్ ఉంటాయి, తప్పితే మళ్లీ రాయాలి. ఫలితం సర్వీసు పుస్తకంలో ఒక వరుసగా నమోదవుతుంది. నౌకాదళం, వాయుసేనల్లోని సాంకేతిక విభాగాల వారికి డిప్లొమా స్థాయి గుర్తింపు కొంత దొరికింది. పదాతి దళం, ఫిరంగి దళం జవానుకు మాత్రం చాలాకాలం ఆ వరుసే పట్టా. దాన్ని చదవడం సైన్యం బయట ఎవరికీ రాదు.

ఉద్యోగానికి డిగ్రీ, ప్రవేశానికి కాదు

సైన్యం నుంచి వచ్చేటప్పుడు చాలామంది జవాన్లు 'గ్రాడ్యుయేషన్ సర్టిఫికెట్' అనే కాగితం ఒకటి తెచ్చుకుంటారు. దాన్ని ల్యామినేషన్ చేయించి భద్రంగా దాచుకుంటారు. ఆ కాగితం ఏమిటో, ఏమి కాదో స్పష్టంగా తెలియకపోవడమే సగం చిక్కులకు మూలం.

మెట్రిక్యులేషన్ లేదా దానికి సమానమైన ఆర్మీ స్పెషల్ సర్టిఫికెట్ ఆఫ్ ఎడ్యుకేషన్ ఉండి, కనీసం 15 ఏళ్ల సర్వీసు చేసిన మాజీ సైనికుణ్ని, డిగ్రీ కనీస అర్హతగా ఉన్న గ్రూప్-సి కొలువులకు అర్హుడిగా పరిగణించవచ్చని కేంద్రం 1986లో వెసులుబాటు కల్పించింది. సాంకేతిక, వృత్తిపరమైన అనుభవం తప్పనిసరి కాని కొలువులకే ఇది వర్తిస్తుంది. మంచి నిబంధనే. దానివల్ల ఎన్నో కుటుంబాలు నిలదొక్కుకున్నాయి. అయితే అది ఉద్యోగ నియామకాల కోసం పుట్టిన వెసులుబాటు. విశ్వవిద్యాలయం దృష్టిలో అది డిగ్రీ కాదు. దాంతో ఎంఏలో చేరలేరు, లా చదవలేరు, బీఈడీ చేయలేరు.

నా దగ్గర పనిచేసిన ఒక హవల్దార్ ఉత్తరాంధ్రవాడు. 24 ఏళ్ల సర్వీసు. సిగ్నల్ పరికరాల మీద అతని పట్టు చూసి యువ అధికారులే పక్కన కూర్చుని నేర్చుకునేవారు. పదవీ విరమణ తర్వాత ప్రభుత్వ పాలనా శాస్త్రంలో ఎంఏ చేయాలనుకున్నాడు. ఊళ్లో పంచాయతీ వ్యవహారాల్లో పనికొస్తుందని అతని ఆలోచన. ఓ విశ్వవిద్యాలయంలో దరఖాస్తు పెట్టాడు, రుసుము కట్టాడు. ధ్రువపత్రాల పరిశీలన రోజు కౌంటర్లో గుమస్తా ఆ గ్రాడ్యుయేషన్ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, వెనక్కి ఇచ్చేశాడు. ఆ సాయంత్రం నాకు ఫోన్ చేశాడు.

''సాబ్, ఇది చూపిస్తే బ్యాంకులో గుమస్తా పోస్టుకు పరీక్ష రాయనిచ్చారు. ఇక్కడేమో డిగ్రీ కాదంటున్నారు. నేను గ్రాడ్యుయేట్‌నా, కాదా?''

నిబంధన ప్రకారం గుమస్తా చేసింది తప్పు కాదు. ప్రశ్న అడిగిన హవల్దార్‌దీ తప్పు కాదు. ఒకే దేశంలో, ఒకే కాగితం ఒక కౌంటర్లో చెల్లి పక్క కౌంటర్లో చెల్లకపోతే, దాన్ని మోస్తున్నవాడు ఏమని అర్థం చేసుకోవాలి? అతను చివరికి బీఏ మొదటి ఏడాదిలో చేరాడు. 44 ఏళ్ల వయసులో, కొడుకు ఇంటర్ చదువుతున్న ఏడాది.

ముందే చూసుకోవాల్సిన గుంతలు

సైనికుడు చదువుకు దరఖాస్తు పెట్టేటప్పుడు ఎదురయ్యే చిక్కులు పెద్ద సిద్ధాంతాల్లో ఉండవు, చిన్న కాగితాల్లో ఉంటాయి. మన తెలుగువారికి మొదటి చిక్కు ఇంటిపేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ముందుంటుంది. భర్తీ రోజున ఉత్తరాది గుమస్తా దాన్ని విడమరిచి చివర రాస్తాడు, లేదా పూర్తిగా వదిలేస్తాడు. సర్వీసు రికార్డులో ఒక పేరు, మెమోలో ఒక పేరు, ఆధార్‌లో మూడో పేరు. ప్రవేశాలన్నీ ఆన్‌లైన్ అయిన ఈ రోజుల్లో మూడు పేర్లున్న మనిషిని కంప్యూటర్ మనిషిగా గుర్తించదు. సర్వీసులో ఉండగా యూనిట్ ద్వారా, పార్ట్-2 ఆర్డర్‌తో రికార్డ్ ఆఫీసులో ఈ తేడాను సరిచేయించుకోవచ్చు. ఇంటికొచ్చాక అదే పనికి అఫిడవిట్లు, ప్రకటనలు, నెలల తిరుగుడు. పుట్టినతేదీ తేడా ఉన్నా ఇదే కథ.

రెండోది 'ఖాళీ సంవత్సరాలు'. ఇంటర్‌కూ డిగ్రీకీ మధ్య ఇన్నేళ్లు ఏం చేశావని కళాశాల అడుగుతుంది, గ్యాప్ సర్టిఫికెట్ తెమ్మంటుంది. డిశ్చార్జి బుక్‌లో చేరిన తేదీ, వచ్చిన తేదీ స్పష్టంగా ఉంటాయి. దానికి మించిన ఆధారం ఏముంటుంది? అయినా చాలా కౌంటర్లలో ఆ పుస్తకాన్ని చూసినవారు ఉండరు. దాని నకళ్లు, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఇచ్చే గుర్తింపు కార్డు నకలు వెంట ఉంచుకోవడం మంచిది.

మూడోది స్థానికత. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల వారసత్వంగా తెలుగు రాష్ట్రాల్లో 85 శాతం సీట్లు స్థానికులకు దక్కుతాయి. అర్హత పరీక్షకు ముందు వరసగా కొన్నేళ్లు ఎక్కడ చదివారన్నదే స్థానికతకు ప్రధాన ఆధారం. రాజస్థాన్‌లో పోస్టింగులో ఉండగా పన్నెండో తరగతి పూర్తిచేసిన శ్రీకాకుళం కుర్రాడు తన జిల్లాలో తాను స్థానికుడినేనని నిరూపించుకోవడానికి కార్యాలయాల చుట్టూ తిరగాల్సి రావచ్చు. బడి చదువుల స్టడీ సర్టిఫికెట్లు, నివాస ధ్రువపత్రం ముందే తీసి పెట్టుకోవాలి.

నాలుగోది అన్నిటికంటే లోతైన గుంత. పది, ఇంటర్, డిగ్రీ అనే మెట్ల వరస తప్పితే కొన్ని తలుపులు శాశ్వతంగా మూసుకుపోతాయి. ఉదాహరణకు న్యాయవిద్య. మాజీ సైనికుల్లో లా చదవాలన్న కోరిక ఎక్కువ. భూ తగాదాలో, పింఛను వ్యాజ్యమో వారి అనుభవంలోనే ఉంటుంది. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నిబంధనల ప్రకారం, కింది మెట్లు లేకుండా నేరుగా సార్వత్రిక విశ్వవిద్యాలయం ద్వారా డిగ్రీ పొందినవారికి న్యాయ కళాశాలలో ప్రవేశార్హత లేదు. అందుకే పదో తరగతితో సైన్యంలో చేరినవారు ముందు జాతీయ సార్వత్రిక పాఠశాల సంస్థ, అంటే ఎన్ఐఓఎస్ ద్వారా పన్నెండు పూర్తిచేసి, తర్వాతే డిగ్రీకి వెళ్లాలి. దగ్గరి దారి చూపిస్తామనే ఏజెంట్లు కంటోన్మెంట్ల చుట్టూ తిరుగుతుంటారు. ఆరు నెలల్లో డిగ్రీ అన్నవాణ్ని గేటు దగ్గరే ఆపేయాలి.

యూనిఫాంలో ఉండగానే

చదువు మొదలుపెట్టడానికి సరైన సమయం విరమణ తర్వాతి రోజు కాదు. అంతకు మూడు, నాలుగేళ్ల ముందు. హైదరాబాద్‌లో 1982లో దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టింది. నేడు అది అంబేడ్కర్ విశ్వవిద్యాలయం. 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఇగ్నో వచ్చింది. ఇగ్నోకు సైన్యం, నౌకాదళం, అస్సాం రైఫిల్స్ సిబ్బంది కోసం ప్రత్యేక ప్రాంతీయ కేంద్రాలున్నాయి. విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం సైతం వాయుసేన, నౌకాదళాలతో ఒప్పందాలు చేసుకుంది. తలుపులు లేవని అనలేం.

కానీ సర్వీసులో చదవడమంటే ఏమిటో చెప్పాలి. ఇగ్నో పరీక్షలు జూన్‌లో, డిసెంబరులో జరుగుతాయి. జూన్ అంటే కొండల్లో మంచు కరిగి, చొరబాటు దారులు తెరుచుకునే కాలం. డిసెంబరులో ఎత్తైన పోస్టుల నుంచి కిందికి దిగడానికి దారే ఉండదు. పుస్తకాల పార్సిల్ యూనిట్ పాత చిరునామాకు వెళ్తుంది, మనిషి కొత్త చోట ఉంటాడు. పోస్టు మీద ఉన్న కుర్రాడు పరీక్ష కోసం వారం సెలవు అడిగితే, అతని స్థానంలో ఎవర్ని నిలబెట్టాలన్నది కంపెనీ కమాండర్ ముందుండే లెక్క. చెల్లెలి పెళ్లికి, తండ్రి ఆపరేషన్‌కు సెలవు అడిగేవారు అదే వరుసలో ఉంటారు. మూడేళ్ల బీఏను పూర్తిచేయడానికి ఇగ్నో ఆరేళ్ల వరకు గడువిస్తుంది. జవానుకు ఆ ఆరేళ్లూ కావాలి.

నేను కమాండింగ్ అధికారిగా ఉన్న బెటాలియన్‌లో చదువుకుంటున్నవారి పేర్లు, పరీక్ష తేదీలు సెలవుల ప్రణాళికతో పాటే ఒక రిజిస్టరులో ఏడాది మొదట్లోనే రాయించేవాళ్లం. ఎడ్యుకేషన్ హవల్దార్ దాన్ని నడిపేవాడు. పైసా ఖర్చు లేదు. పరీక్ష తప్పినవారు తగ్గిపోయారు. ఇలాంటివి ఒక అధికారి ఇష్టాయిష్టాల మీద ఆధారపడకుండా పద్ధతిగా మారాలి. నాకు తర్వాత వచ్చే అధికారికి ఆ రిజిస్టరు ఎందుకో తెలియకపోతే అది స్టోరు గదిలోకి పోతుంది.

పిల్లలకు సాయం, తండ్రికి?

మన ప్రభుత్వాలు సైనికుడి కుటుంబాన్ని పట్టించుకోలేదని చెప్పడం అన్యాయం. 2006 నుంచి ప్రధానమంత్రి ఉపకార వేతన పథకం ఉంది. మాజీ సైనికుల కుమార్తెలకు నెలకు 3,000, కుమారులకు 2,500 రూపాయల చొప్పున వృత్తి విద్యా కోర్సుల్లో సాయం అందుతుంది. సైనికుల వితంతువులూ దీనికి అర్హులే. ఈఏపీసెట్ వంటి ప్రవేశాల్లో 2 శాతం 'క్యాప్' కోటా ఉంది. ఆ పేరుకు అర్థమే సైనికుల పిల్లలు. రెండూ మంచి ఏర్పాట్లే.

ఈ జాబితా చదివితే మన ఆలోచన ఎలా సాగిందో తెలుస్తుంది. సైనికుడు తండ్రిగా ఉంటాడు, అతని పిల్లలు విద్యార్థులుగా ఉంటారు. సైనికుడే విద్యార్థి అయ్యే సందర్భాన్ని ఊహించినవారు తక్కువ. అతనికి మనం ఇచ్చేది శిక్షణ. రక్షణ శాఖలోని పునరావాస డైరెక్టరేట్ జనరల్ విరమణకు ముందు జవాన్లకు ఉచితంగా కోర్సులు చేయిస్తుంది. అధికారులకైతే ఐఐఎంలలో దాదాపు ఆరు నెలల మేనేజ్‌మెంట్ కోర్సులు, రుసుములో 60 శాతం ప్రభుత్వ సాయం. జవాను కోర్సుల్లో భద్రతా పర్యవేక్షణ, కంప్యూటర్ ప్రాథమికాలు, చిన్న వ్యాపారాలు ఎక్కువ. ఉద్యోగానికి ఉపయోగమే. కానీ భద్రతా రంగంలో పన్నెండు గంటల షిఫ్టు చేస్తున్న మాజీ సుబేదార్లను అపార్ట్‌మెంట్ల గేట్ల దగ్గర చూసినప్పుడల్లా, మనం అతని 20 ఏళ్ల అనుభవంలో కాపలా ఒక్కటే చూశామా అనిపిస్తుంది. ముప్పై మందిని నడిపినవాడు, కోట్ల విలువైన పరికరాలకు లెక్క చెప్పినవాడు అక్కడ రాకపోకల పుస్తకం రాయిస్తున్నాడు.

పింఛను ఉంటుంది కదా, చదువుకోవచ్చు కదా అని అడగవచ్చు. 38 ఏళ్ల జవాను పింఛను మీద ముసలి తల్లిదండ్రులు, బడికెళ్లే పిల్లలు, ఊళ్లో సగంలో ఆగిన ఇల్లు ఉంటాయి. మూడేళ్లు సంపాదన లేకుండా తరగతిలో కూర్చోవడం అతనికి విలాసంలా కనిపిస్తుంది. సైన్యం ఊళ్లుగా పేరున్న పశ్చిమగోదావరి మాధవరం లాంటి చోట్ల కూడా, విరమణ పొందిన వ్యక్తి రెగ్యులర్ కళాశాలలో చేరాడంటే ఇప్పటికీ వింతగానే చెప్పుకుంటారు.

అమెరికా 1944లో చేసిన పని

రెండో ప్రపంచయుద్ధం ముగియకముందే, 1944 జూన్ 22న అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఒక చట్టంపై సంతకం చేశారు. జీఐ బిల్లుగా దానికి పేరు. కళాశాలలో చేరిన మాజీ సైనికుడి తరఫున ఏడాదికి 500 డాలర్ల వరకు రుసుము ప్రభుత్వమే కట్టింది. ఒంటరివాడికి నెలకు 50 డాలర్ల జీవన భృతి, కుటుంబం ఉంటే 75 డాలర్లు ఇచ్చింది. ఆ రెండో భాగమే కీలకం. రుసుము కట్టినంత మాత్రాన పెళ్లయినవాడు చదవలేడు, ఇంట్లో పొయ్యి వెలగాలి.

అప్పటి పెద్ద విశ్వవిద్యాలయాల అధిపతులు కొందరు భయపడ్డారు. షికాగో విశ్వవిద్యాలయం అధిపతి రాబర్ట్ హచిన్స్ ఈ చట్టం విద్యకు ముప్పు అని రాశారు. జరిగింది వేరు. 1947లో అమెరికా కళాశాలల్లో చేరినవారిలో దాదాపు సగం మంది మాజీ సైనికులే. పథకం ముగిసిన 1956 నాటికి 78 లక్షల మంది చదువుకో, వృత్తి శిక్షణకో దాన్ని వాడుకున్నారు. వారిలో 22 లక్షల మంది కళాశాలకు వెళ్లారు. వయసు మీరినవారు వెనకబడతారన్న అంచనాలను వారు తమ మార్కులతోనే తోసిపుచ్చారు.

ఆ పథకంలో మచ్చలూ ఉన్నాయి. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి సైనికులకు చట్టం ఇచ్చిన హక్కును స్థానిక కార్యాలయాలు, వర్ణవివక్ష పాటించిన కళాశాలలు చాలావరకు అందనివ్వలేదు. కాగితం మీది హక్కు కౌంటర్ దగ్గర ఎలా ఆగిపోతుందో చెప్పే పాఠం అది. అమెరికా సంపద మనకు లేదు, వారి పథకాన్ని ఎత్తి ఇక్కడ దించమని నేను అనడం లేదు. చదువుకునే సైనికుడికి జీవన భృతి కూడా కావాలన్న ఆ ఒక్క ఆలోచన మాత్రం డబ్బున్న దేశాలకే పరిమితం కానక్కరలేదు.

అగ్నివీరుడి ముందున్న దారి

అగ్నివీరుడి పరిస్థితి పాత జవాను పరిస్థితికి పూర్తిగా భిన్నం. అతనికి పింఛను లేదు. పథకం నిబంధనల ప్రకారం మాజీ సైనికుడి హోదా లేదు. ఆ హోదాతో ముడిపడిన రాయితీలూ రావు. చేతిలో సేవానిధి కింద సుమారు 11.71 లక్షల రూపాయలు, ఒక నైపుణ్య ధ్రువపత్రం ఉంటాయి. 15 ఏళ్ల సర్వీసు లేదు కనుక ఆ గ్రాడ్యుయేషన్ సర్టిఫికెట్ కూడా రాదు. అతనికి ఉన్న పెద్ద ఆస్తి వయసు.

ఈ పథకం మీద నాకున్న అభిప్రాయాలు వేరే చర్చ. ఒక్క విషయంలో మాత్రం ఇది పాత వ్యవస్థ కంటే ముందుంది. పదో తరగతితో చేరినవారికి ఎన్ఐఓఎస్ ద్వారా పన్నెండో తరగతి ధ్రువపత్రం ఇచ్చే ఏర్పాటు చేశారు. ఇగ్నో ద్వారా మూడేళ్ల నైపుణ్యాధారిత డిగ్రీని ప్రకటించారు. అందులో సగం క్రెడిట్లు సైనిక శిక్షణ నుంచే వస్తాయి. మిగతా సగం భాషలు, చరిత్ర, అర్థశాస్త్రం వంటి పాఠ్యాంశాల నుంచి రావాలి. మధ్యలో ఆగితే మొదటి ఏడాదికి సర్టిఫికెట్, రెండో ఏడాదికి డిప్లొమా. ఒక సాధారణ సిపాయి శిక్షణకు విశ్వవిద్యాలయం ఇలా లెక్క కట్టడం మన దేశంలో చెప్పుకోదగ్గ మలుపు.

2023లో వచ్చిన జాతీయ క్రెడిట్ విధానం దీన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లే వీలు కల్పిస్తోంది. ఆ విధానంలో 1,200 గంటల అభ్యసనం ఏడాది చదువుతో సమానం, 40 క్రెడిట్లు. సైన్యంలోని అనేక కేంద్రాల్లో అగ్నివీరుల తొలి శిక్షణ 31 వారాలు సాగుతుంది. వారానికి 40 గంటలే వేసుకున్నా 1,240 గంటలు. అదంతా బీఏ పాఠం కాదు, నిజమే. పరుగుకూ పరేడుకూ క్రెడిట్లు ఇవ్వమని ఎవరూ కోరరు. కానీ మ్యాపు చదవడం, రేడియో సమాచార వ్యవస్థ, ప్రథమ చికిత్స, యంత్రాల నిర్వహణ కొలవదగ్గ చదువులే. పరీక్ష పెట్టి కొలిచి, 2021 నుంచి నడుస్తున్న అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో జమచేయవచ్చు. అప్పుడు ఆ కుర్రాడు ఇగ్నోకే కట్టుబడి ఉండక్కర్లేదు. విజయనగరంలోనో, వరంగల్‌లోనో మామూలు కళాశాలలో రెండో ఏడాదిలో చేరగలగాలి.

ఇబ్బంది ఇక్కడే ఉంది. తెలంగాణలో 'దోస్త్' ద్వారా, ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నత విద్యామండలి ఆన్‌లైన్ విధానం ద్వారా డిగ్రీ సీట్లు భర్తీ అవుతాయి. అవి ఇంటర్ మార్కుల చుట్టూ అల్లిన వ్యవస్థలు. నాలుగేళ్ల క్రితం ఇంటర్ పాసై, 40 క్రెడిట్లతో తిరిగొచ్చిన 22 ఏళ్ల యువకుణ్ని ఏ గడిలో పెట్టాలో అవి ముందే ఆలోచించి ఉంచాలి. బోధన రుసుముల పథకాలకు ఉండే వయోపరిమితులనూ వీరి సర్వీసు మేరకు సడలించాలి. లేకుంటే సేవానిధిలో కొంత రుసుములకు, కొంత ఇంటి అప్పుకు, మిగిలింది మోటారు సైకిలుకు పోతుంది. అందులో ఆ కుర్రాడి తప్పు పెద్దగా ఉండదు.

తరగతి గదికి ఏం తెస్తాడు

సైనికుడు కళాశాలకు ఏం తెస్తాడన్నది కూడా చెప్పాలి. అతనికి కష్టమైనవి తెలుసు. నాలుగు పేజీల వ్యాసం రాయడం కష్టం, ఎందుకంటే సైన్యంలో నాలుగు వాక్యాల్లో చెప్పమంటారు. ఇంగ్లిష్ కష్టం, ఎందుకంటే యూనిట్ భాష హిందీ. ఉపాధ్యాయుడితో విభేదించి మాట్లాడటం మరీ కష్టం. ఆదేశం విన్నాక 'ఎందుకు' అని అడగకూడదని నేర్చుకున్నవాడికి ఆ అడగడమే చదువని ఎవరో చెప్పాలి.

అదే మనిషి వేళకు వస్తాడు. మొదటి యూనిట్ టెస్టులో తప్పినా కూలబడిపోడు. ఇరవై రాష్ట్రాల మనుషులతో ఒకే లంగరులో తిన్నవాడు, ఒకే బంకరులో పడుకున్నవాడు. కులం, ప్రాంతం గీతలు గీసుకుని కూర్చునే మన తరగతి గదులకు అలాంటివాడు ఒకరుండటం మేలే. భూగోళంలో హిమానీనదం పాఠం వచ్చినప్పుడు, దాని మీద మూడు నెలలు నడిచినవాడు వెనక బెంచీలో ఉంటే ఆ తరగతి అదృష్టం చేసుకున్నట్టే.

నాలుగు పనులు చాలు

ఖజానా మీద పెద్ద భారం పడకుండా చేయగలిగినవి నాలుగున్నాయి. మొదటిది, అధికారి కోర్సులకు విశ్వవిద్యాలయాన్ని జతచేసినట్టే ప్రతి రెజిమెంటల్ సెంటర్‌నూ ఆ రాష్ట్రంలోని ఒక విశ్వవిద్యాలయంతో జతచేయాలి. ఉస్మానియాకు సికింద్రాబాద్‌లోని పెద్ద అధికారుల కోర్సు దూరం కానప్పుడు, గోల్కొండలోని గన్నరు కోర్సు దూరం కాకూడదు. రెండోది, విరమణ కాగితాలతో పాటే జవాను చేసిన కోర్సులు, గంటలు, ఫలితాలను విశ్వవిద్యాలయాలకు అర్థమయ్యే రూపంలో ఒక ట్రాన్స్‌స్క్రిప్టుగా ఇవ్వాలి. గ్రాడ్యుయేషన్ సర్టిఫికెట్ మీద అది దేనికి పనికొస్తుందో, దేనికి పనికిరాదో అతని భాషలో ఒక వాక్యం ముద్రించాలి. మూడోది, ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లో మాజీ సైనికులకు, అగ్నివీరులకు కోర్సుకు రెండు అదనపు సీట్లు ఇవ్వాలి. ఇతరుల సీటు ఒక్కటీ తగ్గదు. నాలుగోది, పిల్లలకు ఇస్తున్న ఉపకార వేతనాన్ని రెగ్యులర్ కోర్సులో చేరిన సైనికుడికీ వర్తింపజేయాలి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఉద్యోగాల బోర్డు పక్కన ప్రవేశాల తేదీల బోర్డు ఒకటి పెట్టాలి.

సర్వీసులో ఉన్న తమ్ముళ్లకు చెప్పేది ఒక్కటే. మీ పదో తరగతి మెమో, ఆధార్, సర్వీసు రికార్డు ఈ సెలవులోనే ఒకచోట పెట్టి పేర్లు సరిచూసుకోండి. ఇంటర్ లేకపోతే ఈ ఏడాదే ఎన్ఐఓఎస్‌లో చేరండి. విరమణ తేదీ నుంచి వెనక్కి నాలుగేళ్లు లెక్కపెట్టి డిగ్రీ మొదలుపెట్టండి. నాకు ఫోన్ చేసిన ఆ హవల్దార్ బీఏ పూర్తిచేసి, తాను మొదట అడిగిన ఎంఏలోనే ఇప్పుడు రెండో ఏడాది చదువుతున్నాడు. అతని కోర్సులకు ఆనాడే విలువ కట్టి ఉంటే ఆ సీటు అతనికి కొన్నేళ్ల ముందే దొరికేది. తర్వాత వచ్చేవారికి ఆ ఏళ్లు మిగల్చడం మన చేతుల్లో ఉంది.